బావగారి ఎర్రకారు

పెద్దకర్మ రోజు భోజనాలు ముగిశాక, వక్కాకు నములుతూ కూర్చున్నవాళ్ళు ఒకరి తరవాత ఒకరు మా బావగారి చేతుల్ని పొగిడారు. "బంగారం అట్లా చెయ్యప్పా ఆయనది" అన్నాడు ఎదురు బట్టలంగడి ఆయన. "ఆ యెర్రకారు చూసుంటివా? నిజం కారే అనుకొంటిని నేను" అన్నాడు పక్కనున్నాయన. నేను మజ్జిగ గిన్నెలు లోపలికి చేరవేస్తూ అన్నీ విన్నాను. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పోయిన మనిషి మీద కోపమేమిటని మా ఆయన అంటాడు. మనిషి పోయాడు సరే, కోపం ఎక్కడికి పోతుంది?

ఆయన పేరు నేను ఇక్కడ రాయను. మా అంగడి బోర్డు మీద ఉంది, రసీదు పుస్తకాల మీద ఉంది, గుడి మెట్ల మీద చెక్కించుకున్న చోట ఉంది. నేను రాయకపోతే వచ్చే కొరతేమీ లేదు. ఆయన మా ఆయనకు అన్న, నాకు బావగారు. చిక్కపేటలో ఒక సందులో ముందు అంగడి, వెనక ఇల్లు. అంగట్లో మేకులు, తలుపు బందులు, గొళ్ళేలు, ఆకురాళ్ళు, తాళాలు అమ్మేవాళ్ళం. వెనక ఇంట్లో మా అత్తగారు, బావగారు, ఆయన భార్య అంటే నేను అక్కా అని పిలిచే మా తోడికోడలు, మా ఆయన, నేను, నా కూతురు. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది బావగారు. లెక్కాపత్రం, మూటలు దించుకోవడం, బాకీలకు తిరగడం మా ఆయన పని.

బావగారి కుడిచేతి బొటనవేలి గోరు కొంచెం పొడుగ్గా ఉండేది. ఏ వస్తువు చేతికి వచ్చినా ముందు ఆ గోరుతో గీరి చూసేవాడు. కాఫీ లోటా అంచు, కుర్చీ కాలు, చొక్కా కుట్టు, అక్క చేసిన ఓళిగ అంచు, అన్నిటి మీదా ఆ గోరు నడిచేది. ఎక్కడో ఒకచోట ఆగేది. ఆగిందంటే ఆయన ముఖం వెలిగిపోయేది. "ఈడ అతుకు కనబడతా ఉండాది చూడు" అనేవాడు. అంతే, ఆ వస్తువు ఆయన దృష్టిలో పనికిరానిదైపోయేది. మనుషుల్ని కూడా అలాగే చూసేవాడు. ఎవరి మాటలో ఎక్కడ తడబాటుందో, ఎవరి ఇంట్లో ఏ లోటుందో గోరు పెట్టి వెతికేవాడు. తన అతుకుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తకూడదు.

నన్ను ఆయన మొదట చూసింది కూడా ఆ గోరుతోనే. మాది హిందూపురం దగ్గర. పెళ్ళైన మరునాడు మా అమ్మ పెట్టిన సారె చీరల్ని చాప మీద పరిచి పెద్దవాళ్ళకు చూపిస్తున్నారు. అందులో ఒకటి మా అమ్మమ్మ పట్టుచీర. దీపం తగిలి ఒకచోట చిల్లు పడితే, మా అమ్మ వెతికి వెతికి మంచి పనివాడి చేత రఫూ చేయించింది. ఎంత బాగా చేశాడంటే, ఎక్కడో చెప్పమంటే నేను కూడా చెప్పలేకపోయేదాన్ని. ఆడవాళ్ళు చీరలు చూసి తలలూపుతుంటే బావగారు వచ్చి నిలబడ్డాడు. వంగాడు. ఆ చీర అంచు మీద గోరు పోనిచ్చాడు. పోనిచ్చి పోనిచ్చి ఒకచోట ఆపాడు.

"ఈడ రఫూ ఉండాది" అన్నాడు, నలుగురికీ వినబడేలా.

కోపంగా కూడా అనలేదు. లెక్కల్లో తప్పు పట్టుకున్న పంతులు గొంతుతో అన్నాడు. మా అమ్మ ముఖం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనబడుతుంది. అప్పుడు మొదలైంది ఆయనకూ నాకూ. ఆయనకు అసలు గుర్తే ఉండి ఉండదు.

ఇంక ఇటుకల సంగతి.

మా తమ్ముడు ఓడలో ఎలక్ట్రీషియన్. డెబ్భైల చివర్లో ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు నా కూతురికని ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. నిండా ప్లాస్టిక్ ఇటుకలు. ఎరుపు, తెలుపు, నీలం, పసుపు. పైన గుండ్రటి బుడిపెలు, కింద బోలు. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కుమని పట్టుకుంటాయి, లాగితే ఊడి వస్తాయి. చిన్న చక్రాలు కూడా ఉన్నాయి, రబ్బరు టైర్లతో. నా కూతురు వాటిని మైసూరుపాకు ముక్కలని చెప్పి తన బొమ్మలకు వడ్డించింది. కొన్నాళ్ళకు బొమ్మలకు పెళ్ళిళ్ళు అయిపోయాయి, వడ్డనలు అయిపోయాయి, పెట్టె మంచం కిందికి పోయింది.

ఒక మధ్యాహ్నం గది ఊడుస్తూ చీపురుకి తగిలిన ముక్కల్ని తీసి ఊరికే ఒకదాని మీద ఒకటి నొక్కాను. టక్కుమంది. ఇంకొకటి నొక్కాను. చీపురు అక్కడే పడి ఉంది, నేను నేల మీద కూర్చుండిపోయాను. అత్తగారు కాఫీకి పిలిచేదాకా లేవలేదు.

నాకు పదో తరగతిలో లెక్కలంటే ఇష్టం, బొమ్మలు గీయడం ఇంకా ఇష్టం. పెళ్ళయ్యాక ఆ రెండింటితో ఎవరికీ పని పడలేదు. ఈ ఇటుకలతో మళ్ళీ పని పడింది. తప్పయితే పీకి మళ్ళీ కట్టొచ్చు. వస్తువు పాడవదు, ఎవరూ కసరరు. కాపురంలో నాకు అలాంటి వెసులుబాటు ఇంకెక్కడా కనబడలేదు. మధ్యాహ్నం అందరూ కాస్త నడుం వాల్చే వేళ నాది అనుకున్నాను.

అత్తగారికి ఛాతీలో దగ్గు. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళి వస్తుంటే మహాత్మాగాంధీ రోడ్డు మీద మా బస్సు ఆగింది. పక్కనే ఒక ఎర్రకారు. పైకప్పు లేదు, ఇద్దరికే చోటు. ముందుభాగం పొడుగ్గా, నేలకు ఆనుకున్నట్టు కిందికి ఉంది. వెనక మాత్రం రెండువైపులా ఉబ్బి ఉంది. అంబాసిడర్లూ ఫియట్లూ తప్ప ఎరగని కళ్ళు నావి. కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తుంటే "ఆడపిల్లవి, అదేం చూపే" అని అత్తగారు జబ్బ పట్టుకుని లాగింది. బస్సు కదిలిపోయింది. నేను మనసులో ఆ కారును ఇంటికి తెచ్చుకున్నాను.

చదరపు ముక్కలతో వంపు తేవడం ఎంత కష్టమో కట్టినవాళ్ళకే తెలుస్తుంది. ముక్కుభాగం ఒకసారి బండరాయిలా వచ్చేది, ఇంకోసారి మరీ పలచనై ఊడిపోయేది. పలకల్ని ఒకదానికొకటి సగం జరిపి, మెట్లు మెట్లుగా దించి, వెనక చక్రాల మీద ఉబ్బు రావడానికి లోపల ముక్కల్ని అడ్డంగా తిప్పి కట్టాను. పీకాను, కట్టాను. వారాలు పట్టింది. చివరికి ఒకరోజు వంటింటి కిటికీలో పెట్టి గుమ్మం దగ్గరికి వెళ్ళి తిరిగి చూస్తే, బస్సులోంచి చూసిన కారే. బుడిపెలన్నీ కనబడుతున్నాయి, గీతలన్నీ కనబడుతున్నాయి. అయినా అదే కారు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ సాయంత్రమే బావగారు మంచినీళ్ళకు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. కారు చూశాడు. చేతిలోకి తీసుకున్నాడు. గోరు బానెట్ మీద నడిచింది. ప్రతి గీత దగ్గరా ఆగింది.

"బాగనే ఉండాదమ్మా. అయితే బొమ్మ మాదిరే ఉండాది" అన్నాడు.

"బొమ్మే గదా బావా" అన్నాను.

"చూస్తానే బొమ్మని తెలిసిపోతే ఇంకేముండాది దాంట్లో?" అని, నన్ను అడగలేదు, గుమ్మం దగ్గర నిలబడిన నా కూతుర్ని అడిగాడు. "దీన్ని నేను తీసుకుపోదునా తల్లీ?" జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చాడు. అది తలూపింది. నేను నోరు తెరిచేలోపల కారు అంగట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తరవాత జరిగినదాన్ని చిక్కపేట అంతా కళ అంటుంది. ముందు ఆకురాయితో పైనున్న బుడిపెలన్నీ అరగదీశాడు. గల్లాపెట్టె పక్కన ఎర్రటి పొడి రాలి ఉండేది. నాకు పచ్చిపుండు గీకినట్టుండేది. ఇటుకకూ ఇటుకకూ మధ్య గీతల్లో కార్ల సొట్టలు పూడ్చే పుట్టీ నింపాడు. ఎండాక ఉప్పుకాగితం తడిపి రుద్దాడు, మళ్ళీ నింపాడు, మళ్ళీ రుద్దాడు. గ్యారేజీ స్నేహితుడి దగ్గర నిజం కార్లకు కొట్టే ఎర్ర పెయింటు కొట్టించాడు. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం బంపరయింది. స్కూటరు సీటు రెక్సిను చిన్న చిన్న సీట్లయింది. ముందు అద్దానికి పలచటి, పారదర్శకమైన రేకు కావాలి. బీరువాలో అత్తగారి ఛాతీ ఎక్స్‌రే ఉంది. చాకలిసోడా కలిపిన వేడినీళ్ళలో దాన్ని నానబెట్టి, తన అమ్మ పక్కటెముకలన్నీ కరిగిపోయేదాకా రుద్ది, అద్దంగా కోశాడు. తరవాత నెలలో డాక్టరు పాత ఎక్స్‌రే ఏదని అడిగితే అత్తగారు నావైపు చూసింది. ఆమె పెద్దకొడుకు అంగట్లో ఉన్నాడు, దగ్గర ఉన్నది నేను. తిట్లు నేను తిన్నాను.

అబద్ధం చెప్పను. పని పూర్తయి వచ్చినప్పుడు ఆ కారు చాలా అందంగా ఉంది. ఎక్కడా అతుకు లేదు, ఒక్క పోతలో పోసినట్టుంది. పెయింటు మీద కిటికీ చువ్వలు ప్రతిబింబించాయి. అందుకే నాకు కడుపు మండింది. చెడగొట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ పొడుగాటి ముక్కు నాది, ఆ వెనక ఉబ్బు నాది, నేలకు ఆనుకున్న ఆ వాలు నాది. పైన ఆయన చర్మం తొడిగాడు. లోపలున్న ముక్కల్లో ఒక్కటీ ఇంక జన్మలో ఇంకోదానికి అతకదు.

చూసినవాళ్ళందరూ అడిగేవాళ్ళు, "ఎట్ల చేస్తివప్పా?" అని.

"పిల్లది ముక్కలు ఉండె. నేను రూపం ఇస్తిని" అనేవాడు.

ఆ మాట మొదటిసారి విన్నరోజు రాత్రి మా ఆయనతో చెప్పాను. "రూపం నేనిచ్చినా. ఆయన రంగు కొట్టినాడు. ఆ మాట చెప్పమనండి" అన్నాను.

"పెద్దోడు. ఏదో సరదా పడతా ఉండాడు. సుమ్నె ఊరికే ఎందుకు బేజారు చేసుకొంటావ్?" అన్నాడు మా ఆయన, అటు తిరిగి. ఆయన ఎప్పుడూ అటే తిరుగుతాడు. అన్న మాటకు గంగిరెద్దులా తలూపి బతికిన మనిషి, తప్పు పట్టి లాభం లేదు. అయినా పట్టాను.

బావగారి అసలు సరదా ఫోటోలది. పక్క సందులో స్టూడియో పెట్టుకున్నాయన ఆయనకు దోస్తు. ఆదివారం పొద్దున ఇద్దరూ మిద్దె మీదికి ఎక్కేవాళ్ళు. పిట్టగోడ మీద ఇసక, బొగ్గుపొడి చల్లి రోడ్డులా చేసి, దాని మీద కారు పెట్టేవాళ్ళు. వెనక దూరంగా నిజం మేడలు, నిజం ఆకాశం. అంత పెద్ద మనిషి పంచె పైకి కట్టి, బోర్లా పడుకుని, గడ్డం గోడకు ఆనించి, ఒక కన్ను మూసి చూసేవాడు. "ఇంకా కిందికి దించప్పా కెమెరా. ఆఁ, ఇప్పుడు రోడ్డు మీద ఉండాది" అనేవాడు. ఫోటో వచ్చాక దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. గొళ్ళేలు కొనడానికి వచ్చినవాళ్ళకు చూపించి, "ఈ బండి ఎవురిదో చెప్పండి చూద్దాం" అని అడిగేవాడు. వాళ్ళు ఎవరో సినిమావాళ్ళదని, ఎవరో దొరలదని చెప్పేవాళ్ళు. అప్పుడు షోకేసులోంచి కారు తీసి చూపించేవాడు. వాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. ఎదుటివాడు మోసపోయి బిత్తరపోయిన ఆ క్షణం కోసమే ఆయన అంత పనీ చేసేవాడని నా నమ్మకం.

తరవాత కూడా నేను కట్టాను. ఎందుకు కట్టావని అడిగితే, కట్టకుండా ఉండలేకపోయాను, అంతే. బియ్యం డబ్బా వెనక దాచాను, పాత పెట్టెలో దాచాను. ఆయన వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి దగ్గేవాడు. "ఏమన్నా పేర్చినావేమ్మా?" అనేవాడు. పేర్చడం అనేవాడు ఎప్పుడూ. పిడకలు పేర్చినట్టు, అప్పడాలు పేర్చినట్టు. లేదని నేనంటే నా కూతురు చెప్పేసేది, దానికి పిప్పరమెంటు అలవాటైంది. తెల్లటి కారు ఒకటి అలా పోయింది, పచ్చటి జీపు ఒకటి పోయింది. పెట్టెలో ముక్కలు తరిగిపోతూ వచ్చాయి. తమ్ముడి ఓడ ఎప్పుడు వస్తుందో తెలియదు. నాకు దక్కిన ఒకే ఒక్క పని ఆయన షోకేసులో, గొళ్ళేల మధ్య, ఆయన పేరు మీద నిలబడి ఉండేది.

ఎనభైల మొదట్లో ఒక ఆయుధపూజకు ఆయన మరీ పెద్ద ఎత్తున తలపెట్టాడు. మా ఊళ్ళో ఆయుధపూజ అంటే చెప్పాలా? తక్కెడ నుంచి లారీ దాకా అన్నిటినీ కడిగి, కుంకుమ పెట్టి, పూలు చుట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. సందులోని వ్యాపారస్థులందర్నీ పూజకు పిలిచాడు. కొత్త కారు కావాలన్నాడు, నల్లటిది. "హారతి ఇస్తా ఉంటే బానెట్ మీద మంట కనబడల్ల. అట్ల ఫోటో తీస్తాము" అన్నాడు.

అప్పటికి నా దగ్గర ఒక రంగు ముక్కలు సరిపడా లేవు. నీలం, పసుపు, తెలుపు, మిగిలిన రెండుమూడు ఎరుపు కలిపి కట్టాను. "ఏ రంగయితే ఏమమ్మా, పైన పూత పడతాది గదా" అన్నాడు ఆయన. అన్నాడే కానీ, నేను కట్టినవాటిలో అదే గొప్పది. తలుపులు తెరుచుకునేవి. ముక్కు అంత కిందికి అంతకు ముందెప్పుడూ దించలేకపోయాను. పెట్టెలో దాదాపు అన్ని ముక్కలూ దానికే పోయాయి. ఈసారైనా అడగకుండానే చెబుతాడేమోనని నాకు ఎక్కడో ఆశ ఉండింది. సందంతా వస్తోంది కదా, ఒక్క మాట.

పూజరోజు పొద్దునే ఆయనకు నలుపులో నిగారింపు చాలలేదనిపించింది. గ్యారేజీకి పరుగెత్తి ఇంకో పూత కొట్టించుకొచ్చాడు. అంగడంతా థిన్నరు వాసన. తాకితే వేలిముద్ర పడేంత తడిగా ఉంది. అక్క "ఆరనీండి" అంటే "హారతికి ఆరేదెందుకు, ఎవురు తాకుతారు" అన్నాడు. పీట మీద తక్కెడ, ఆకురాళ్ళు, తాళాల గుత్తులు, వాటి ముందు నల్లకారు. అద్దం చుట్టూ సన్నజాజుల దండ, నాలుగు చక్రాల కింద బటానీ గింజంత నిమ్మపిందెలు. జనం మూగారు.

"ఎట్ల చేస్తివప్పా దీన్ని?" అన్నాడు వర్తక సంఘం పెద్దాయన, నోరు తెరిచి.

బావగారు జవాబు చెప్పేలోపల నా కూతురు నా కొంగు వదిలి ముందుకు వెళ్ళింది. "అది మా అమ్మ కట్టింది" అంది, గట్టిగా.

బావగారు నవ్వాడు. దాని తల నిమిరాడు. "అవును తల్లీ, మీయమ్మ ముక్కలు పేర్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. మా ఆయన తాళాల గుత్తి సర్దుతూ నేల చూశాడు. నా ఆశ అక్కడితో సరి.

బావగారు కర్పూరం వెలిగించాడు. స్టూడియో ఆయన నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని కెమెరాలోంచి చూస్తూ, "కనబడలేదప్పా, ఇంకా కొంచెం దగ్గరికి" అన్నాడు. బావగారు హారతి పళ్ళెం బానెట్ దగ్గరికి తెచ్చాడు. "ఇంకా కొంచెం." ఇంకా కొంచెం తెచ్చాడు.

తడి పూత భగ్గుమంది. అంత పెద్ద మంట అంత చిన్న వస్తువులోంచి వస్తుందని ఎవరూ అనుకోలేదు. పూలదండ అంటుకుంది, ఆయన చొక్కా చెయ్యి అంటుకుంది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ఎవరో మూలనున్న గోనెసంచి నీళ్ళ తొట్టిలో ముంచి తెచ్చి కారు మీద వేశారు, మా ఆయన అన్న చెయ్యి పట్టుకుని బకెట్‌లో పెట్టాడు.

సంచి తీసి చూస్తే నల్ల తోలు ఉబ్బి, పగిలి, పొరలు పొరలుగా ఊడిపోయింది. పుట్టీ పెళ్ళలుగా రాలిపోయింది. అద్దం ముడుచుకుపోయింది. లోపల నీలం, పసుపు, తెలుపు ఇటుకలు మసిబారి, అక్కడక్కడ కరిగి, అయినా ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి. ముక్కు ఎంత కిందికి ఉందో అంత కిందికే ఉంది. నేను కట్టింది నేను కట్టినట్టే సందులోని జనమందరి ముందు నిలబడి ఉంది. ఒక్కరూ అటు చూడలేదు. అందరూ ఆయన వేళ్ళకు పసుపు పూస్తున్నారు, వెన్న పూస్తున్నారు. "ఎంత కష్టపడినాడో పాపం, ఎవురి దిష్టి తగిలిందో" అంటున్నారు. దిష్టి అన్నప్పుడు అత్తగారు నన్నే చూసింది.

నాకు జాలి వేసిందా అంటే, లేదు.

కొన్నాళ్ళయ్యాక, చేతికి గుడ్డ చుట్టుకుని, వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి దగ్గాడు. ఇంకో చేతిలో కాలిన కారు.

"దీంట్లో మంచి ముక్కలు ఉండాయమ్మా ఇంకా. కొన్ని కొత్తవి తెప్పిస్తా, మదరాసులో దొరకతాయంట. మళ్ళా పేర్చి పెట్టు. ఈసారి బాగా ఆరనిస్తా" అన్నాడు.

నేను పప్పు ఎసట్లో వేసి, చేతులు తుడుచుకుని, ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాను. అంతకు ముందు ఎప్పుడూ అలా నిలబడలేదు.

"కడతాను బావా. అయితే అంగట్లో చెప్పండి, ఇవన్నీ నేను కట్టినానని. సంఘం పెద్దాయన ముందర చెప్పండి. ఒక్కసారి చాలు."

ఆయన నా ముఖం చూడలేదు. కారు చూశాడు. కాలని బొటనవేలు దాని పక్కన ఉన్న గీత మీద అటూ ఇటూ కదిలింది.

"ముక్కలు పేర్చినదానికి అంత మాటెందుకమ్మా? పిల్లోళ్ళు గూడా పేరుస్తారు" అన్నాడు.

"అయితే మీరే పేర్చుకోండి" అన్నాను. లోపలికి వెళ్ళి మంచం కిందున్న పెట్టె తెచ్చి, మిగిలిన ముక్కలతో సహా, ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను.

ఆయన పెట్టె తీసుకెళ్ళాడు. మదరాసు నుంచి ముక్కలు కూడా తెప్పించాడు. గల్లాపెట్టె వెనక కూర్చుని నొక్కుతుంటే టక్కు టక్కుమని వంటింట్లోకి వినబడేది. అక్కకు బదులు కాఫీ ఇచ్చే నెపంతో ఒకటి రెండుసార్లు అటు వెళ్ళి చూశాను. ఒకసారి సబ్బుపెట్టెకు చక్రాలు వచ్చినట్టుంది. ఇంకోసారి గల్లాపెట్టెకు వచ్చినట్టుంది. నన్ను చూసి దాని మీద పేపరు కప్పాడు. ఎర్రకారును పక్కన పెట్టుకుని చూస్తూ కట్టినా ఆ వాలు రాలేదు. వాలు లేకుండా ఎంత పూత పూస్తే ఏం లాభం? అది ఆయనకు బాగా తెలుసు. కొన్ని నెలలు చూశాడు. ఒకరోజు పెట్టె తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, "ఈ ముక్కలు అరిగిపోయినాయి, పట్టుకోవు" అని వెళ్ళిపోయాడు. అవి బాగానే పట్టుకున్నాయి. వాటితో నేను చాలా కట్టాను, పీకాను, మళ్ళీ కట్టాను. ఆయన దగ్గడం మానేశాడు.

ఆ తరవాత ఆయన ఇంకో కారు చేయలేదు. బతికినన్నాళ్ళూ ఎర్రకారు ఫోటోనే జేబులో పెట్టుకుని, వచ్చినవాళ్ళను "ఈ బండి ఎవురిది?" అని అడిగాడు. గోరు మాత్రం ఆగలేదు. నా కూతురు పెళ్ళిపత్రిక అచ్చయి వస్తే దాని మడత మీద కూడా నడిచింది.

పెద్దకర్మ అయిన నాలుగు రోజులకు అక్క నన్ను మిద్దె మెట్ల మీద కూర్చోబెట్టుకుంది. అక్క మంచిది. ఆమె మీద నాకు ఎప్పుడూ కోపం లేదు.

"నీ మనసులో ఏముండాదో నాకు తెలుసే. ఆయన నీకు చెప్పలేదు గానీ నాతో చెప్పినాడు" అంది.

"ఏం చెప్పినారక్కా?"

"ఆయమ్మ చేతిలో ఉండేది నా చేతిలో లేదు, అన్నాడు. ఎర్రకారు అయిన కొత్తల్లోనే అన్నాడు. మళ్ళా చెయ్యి కాలినప్పుడు కూడా అన్నాడు. నేను పూత పూసేవాణ్ణి, కట్టేది ఆయమ్మ, అని. ఎన్నిసార్లు అన్నాడో." అక్క నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు తుడుచుకుంది. నేనూ ఏడుస్తానని ఎదురు చూసింది.

"ఎర్రకారు కొత్తల్లోనేనా?"

"ఆఁ. పండుకొనేటప్పుడు చెప్పేవాడు."

"మరి మీరు ఎవురికన్నా చెప్పినారా అక్కా?"

"నేనెట్ల చెప్తానే? ఇంట్లో మాట గదా" అంది అక్క.

ఇన్నేళ్ళూ నేను ఆయనకు ఒక్క సందు వదిలిపెట్టి ఉంచాను. కట్టడానికీ పేర్చడానికీ తేడా తెలియని మనిషేమో, తెలియకే అన్నాడేమో అని. కోపం బాగా వచ్చిన రోజుల్లో కూడా ఆ సందు మూసెయ్యలేదు. అక్క ఎంతో ప్రేమగా, నా చెయ్యి నిమురుతూ, దాన్ని మూసేసింది.